ఒక్క అంకె మార్చి చూడండి

గణితం నుంచి పుట్టిన చిత్రకళ గురించి ఏ వ్యాసం తెరిచినా ఒక బొమ్మ తప్పకుండా కంటపడుతుంది. వెనకాల పేరున్న చిత్రమో, పురాతన కట్టడమో ఉంటుంది. దాని మీద చిన్నవవుతూ పోయే చతురస్రాలు, వాటి గుండా చుట్టుకుంటూ వెళ్ళే తెల్లటి సర్పిలం, కింద 1.618 అనే అంకె, అంటే గోల్డెన్ రేషియో అనే నిష్పత్తి. ఈ మధ్య చదివిన ఒక వ్యాసం గ్రీకు ఆలయం పార్థినాన్‌నీ, నాటిలస్ గవ్వనీ, పొద్దుతిరుగుడు పువ్వునీ ఒకే వాక్యంలో గోల్డెన్ రేషియోకి కట్టేసింది. ఆ మూడింటిలో దానికి నిజంగా చుట్టం పొద్దుతిరుగుడు ఒక్కటే. అయినా మూడింటి మీదా అదే సర్పిలం చక్కగా అతికినట్టే కనిపిస్తుంది. నన్ను ఆలోచనలో పడేసింది అదే.

ఒక బొమ్మ గణితం మీద నిలబడి ఉందని ఎవరైనా అంటే, దాన్ని తేల్చుకోవడానికి నాకు తెలిసి నమ్మదగ్గ పద్ధతి ఒకటుంది. ఆ నియమంలో ఉన్న అంకెను కాస్త మార్చి మళ్ళీ గీయాలి. బొమ్మ చెదిరితే గణితం అందులో పనిచేస్తున్నట్టు. ఏమీ కాకపోతే, ఆ గణితం బొమ్మ కింద రాసిన వాక్యంలో ఉందే తప్ప బొమ్మలో లేదు. ఈ పరీక్షకు లొంగనివి కొన్నున్నాయి, వాటి సంగతి తర్వాత చెబుతాను. ముందు పై సర్పిలాన్నే తీసుకుందాం.

ఫొటోలో కట్టడం 100 మిల్లీమీటర్ల వెడల్పు, 61.8 మిల్లీమీటర్ల ఎత్తు ఉందనుకుందాం. ఎత్తును మెట్ల అడుగు నుంచి కొలవాలా, మెట్ల పైనుంచా? పైన విరిగిపోయిన కొసను ఎక్కడిదాకా ఊహించుకోవాలి? ఫొటోలో ఈ తేడా 2 మిల్లీమీటర్లు ఉన్నా చాలు, నిష్పత్తి 1.57 నుంచి 1.67 దాకా ఎక్కడైనా పడుతుంది. ఆ సందులో 8:5 ఉంది, 5:3 ఉంది, 11:7 ఉంది, వృత్తాల లెక్కలో వచ్చే π (పై) విలువలో సగం కూడా ఉంది. వీటిలో దేన్ని తీసుకుని దీర్ఘచతురస్రం గీసినా ఆ కట్టడం మీద సరిగ్గా కూర్చుంటుంది. నాటిలస్ కథ ఇంకా తేలిక. దాని చుట్టు ఒక పూర్తి తిరుగుడులో దాదాపు మూడు రెట్లు పెరుగుతుంది, గోల్డెన్ సర్పిలం 6.85 రెట్లు పెరుగుతుంది. రెండూ ఒకటి కావడానికి వీల్లేదు.

అలాగని ఆ నిష్పత్తినే తోసిపారేయలేం. వాస్తుశిల్పి ల కార్బ్యూజియే మనిషి ఒంటి కొలతల మీద కట్టిన తన మాడ్యులోర్ కొలతలకు దాన్ని తెలిసి, లెక్కగట్టి వాడారు. 183 సెంటీమీటర్ల మనిషి, 113 దగ్గర బొడ్డు, చెయ్యెత్తితే 226. ఈ మెట్లలో ఒకదాన్ని మారిస్తే మిగతావన్నీ కదులుతాయి. అక్కడ అంకె ముందు వచ్చింది, గీత తర్వాత వచ్చింది. పార్థినాన్ మీద సర్పిలం పరిచేవాళ్ళది తలకిందుల పని.

పొద్దుతిరుగుడు ఎందుకు ఎదురు తిరుగుతుంది

పొద్దుతిరుగుడు గింజల అమరికకు హెల్మట్ వోగెల్ 1979లో ఇచ్చిన సూత్రం రెండు ముక్కల్లో అయిపోతుంది. ఎవరైనా కాగితం మీద గీసి చూసుకోవచ్చు.

ఏ4 కాగితం మధ్యలో ఒక బిందువు పెట్టి, అక్కడి నుంచి కుడివైపుకి ఒక సన్నని గీత గీయండి. అది సున్నా డిగ్రీలు. చుక్కలకు 1 నుంచి 400 దాకా వరుస సంఖ్యలు ఇవ్వండి. ఏ చుక్కకైనా మధ్య నుంచి దూరం, దాని వరుస సంఖ్య వర్గమూలానికి 4 మిల్లీమీటర్ల రెట్లు. కోణం, వరుస సంఖ్యను 137.508తో గుణించి, అందులోంచి 360లు తీసేయగా మిగిలింది. 100వ చుక్క 40 మిల్లీమీటర్ల దూరంలో, 70.8 డిగ్రీల దగ్గర పడుతుంది. 400వది 80 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి మొత్తం బొమ్మ కాగితం మీద హాయిగా సరిపోతుంది. చుక్క వ్యాసం 6 మిల్లీమీటర్లు పెట్టుకోండి. పక్కపక్క చుక్కల కేంద్రాల మధ్య కనీసం 6.4 మిల్లీమీటర్లు ఉంటుంది, అందుకని ఒకదానికొకటి తగలవు. సున్నాతో మాత్రం మొదలుపెట్టకండి. సరిగ్గా మధ్యలో చుక్క పెడితే 4 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న 1వ చుక్క దాని మీదకి ఎక్కుతుంది.

వర్గమూలం ఎందుకంటే, బయటికి పోయేకొద్దీ వృత్తం వైశాల్యం వ్యాసార్థం వర్గంతో పెరుగుతుంది. దూరాన్ని నేరుగా వరుస సంఖ్యతో పెంచితే మధ్యలో చుక్కలు కిక్కిరిసి, అంచున పలచబడిపోతాయి. వర్గమూలం వల్ల ప్రతి చుక్కకీ దాదాపు సమానమైన చోటు దొరుకుతుంది.

చేత్తో గీసేవాళ్ళలో ఎక్కువమంది దెబ్బతినేది కోణం దగ్గర. ముందు చుక్క నుంచి 137.5 డిగ్రీలు కొలిచి తర్వాతిది పెట్టడం సహజంగా తోచే పద్ధతే. కానీ కోణమానినిని కేంద్రం మీద పెట్టడంలో అర డిగ్రీ అటో ఇటో పోతుంది, ఆ పొరపాటు చుక్కచుక్కకీ పోగుపడుతుంది. అదే చేతి అలవాటు కాబట్టి తేడా ఎక్కువగా ఒకే వైపుకి ఉంటుంది. అంటే గీసేది 137.5 కాకుండా 137 అయిపోతుంది. అందుకే 400 కోణాలనూ ముందే పట్టికగా రాసుకుని, ప్రతిదాన్నీ సున్నా గీత నుంచే కొలవాలి. అప్పుడు ఒక చుక్క తప్పినా తప్పు దానితోనే ఆగుతుంది.

ఇంతకీ 137 అయిపోతే ఏమవుతుంది? 137ని 21తో గుణిస్తే 2877. ఎనిమిది పూర్తి చుట్లు 2880. అంటే ప్రతి 21 చుక్కలకూ దాదాపు మొదటికే వచ్చేస్తాం, 3 డిగ్రీలు తక్కువగా. దాంతో అరవై చుక్కలు దాటేసరికి, తన కంటే 21 ముందున్న చుక్క మీదకి కొత్త చుక్క ఎక్కడం మొదలవుతుంది. కాస్త వంగిన 21 చేతులు తేలుతాయి, వాటి మధ్య తెల్లటి ఖాళీ సందులు పడతాయి. అర డిగ్రీ తేడాకే పువ్వు కాస్తా చక్రంగా మారిపోతుంది. 360ని 1.618 వర్గంతో భాగిస్తే వచ్చే ఆ 137.508 డిగ్రీలనే గోల్డెన్ కోణం అంటారు. దాని ప్రత్యేకత అంతా ఇక్కడే ఉంది. అది ఏ చిన్న భిన్నానికీ మరీ దగ్గరగా రాదు, కాబట్టి చుక్కలు వరుసకట్టే అవకాశం చిక్కదు.

సరే, 137.508 బదులు గుండ్రంగా 137.5 తీసుకుంటే? 400 చుక్కల బొమ్మలో కంటికి తేడా తెలియదు. కానీ 137.5 అంటే సరిగ్గా 360లో 55/144. ప్రతి 144 చుక్కలకూ అదే గీత మీదకి తిరిగొస్తాం, రవ్వంత కూడా పక్కకి జరగకుండా. బొమ్మ పెద్దదయ్యేకొద్దీ ఆ గీత మీది చుక్కలు దగ్గరవుతూ వస్తాయి. మన కొలతల్లో 2,300వ చుక్క ప్రాంతంలో అవి ఒకదాన్నొకటి తాకి, అక్కడి నుంచి బయటికి బండిచక్రం ఆకుల్లా 144 తిన్నని చువ్వలు లేస్తాయి. ఆ చుక్క మధ్య నుంచి 19 సెంటీమీటర్ల పైన ఉంటుంది, అంటే ఏ2 కాగితం తీసుకున్నవాళ్ళకే ఈ గొడవ. గోడ నిండా వేసేవాళ్ళు దశాంశాల విషయంలో పిసినారితనం చూపించకూడదు.

ఈ బొమ్మను గణిత కళ అనడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. అంకె మార్చగానే అది వెంటనే, ఎలా చెదరాలో అలాగే చెదిరింది.

పలకలు, కుట్లు

కంప్యూటర్ తెర మీద ఎన్ని వింత అమరికలైనా క్షణంలో వచ్చేస్తాయి. వస్తువుతో చేసినప్పుడే నియమం బలం చేతికి తెలుస్తుంది.

గణితవేత్త రోజర్ పెన్రోజ్ 1970ల్లో చూపించిన, అమరిక ఎప్పటికీ పునరావృతం కాకుండా తలమంతా నింపే రెండు సమచతుర్భుజాలే తీసుకోండి. లావుది 72, 108 డిగ్రీలు. సన్నది 36, 144. భుజం 50 మిల్లీమీటర్లయితే లావుదాని కర్ణాలు 80.9, 58.8, సన్నదాని కర్ణాలు 95.1, 30.9. కోసేటప్పుడు కోణాలు కొలిచే కన్నా ఈ కర్ణాలు కొలుచుకోవడం మేలు. చిన్న పలక మీద ఒక డిగ్రీ తేడా కంటికి ఆనదు, కర్ణం మీద అర మిల్లీమీటరు తేడా స్కేలుకి దొరికిపోతుంది. లావు పలకల మొనలు ఐదు ఒకచోట కలిసినప్పుడు 72 బదులు 71 పడితే ఐదు డిగ్రీల చీలిక మిగులుతుంది. అక్కడితో ఆగదు కూడా, దాని చుట్టూ వచ్చే ప్రతి వరుసా ఆ చీలికను బయటికి నెట్టుకుంటూ పోతుంది. ఎన్ని కావాలో కూడా ముందే తెలుసుకోవచ్చు. పెద్ద అమరికలో ప్రతి వెయ్యి పలకలకీ లావువి సుమారు 618, సన్నవి 382 పడతాయి. గోల్డెన్ రేషియో ఇక్కడ మనం పిలవకుండానే వచ్చి కూర్చుంది.

కొత్తవాళ్ళకి తెలియని చిక్కు ఇంకొకటుంది. అంచుల మీద గుర్తులు పెట్టుకుని, గుర్తుకి గుర్తు కలిపే నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించినా మధ్యలో ఇరుక్కుపోవచ్చు. ప్రతి పలకా పెట్టినప్పుడు సరైనదే, అయినా కొంతసేపటికి ఏ పలకా పట్టని మూల ఒకటి తయారవుతుంది. అసలు తప్పటడుగు ఎంతో వెనక పడి ఉంటుంది. సిమెంటు ఆరాక దాన్ని సరిదిద్దడం అయ్యే పని కాదు. అందుకని పలక పక్కన పలక పేర్చుకుంటూ పోకుండా, కొన్ని పెద్ద పలకలతో మొదలుపెట్టి ఒక్కోదాన్నీ చిన్నవాటిగా విడగొట్టుకుంటూ వచ్చే పద్ధతిలో నక్షా ముందే పూర్తిచేసుకోవాలి.

2022 చివర్లో డేవిడ్ స్మిత్ అనే అభిరుచిపరుడు కనిపెట్టిన టోపీ ఆకారం సంగతి ఇంకా బాగుంటుంది. ఎప్పటికీ పునరావృతం కాకుండా తలమంతా నింపే ఒకే ఒక్క పలక అది. ముగ్గురు పరిశోధకులతో కలిసి 2023 మార్చిలో ఆ సంగతి బయటపెట్టారు. అయితే అందులో కొన్ని పలకలు అద్దంలో తిప్పినట్టు ఉండాలి, సుమారు ప్రతి ఏడింటికీ ఒకటి. కాగితంతో చేస్తే తిప్పేసుకుంటే సరి. ఒక వైపే గ్లేజు ఉండే పింగాణీ పలకతో అలా కుదరదు, రెండో అచ్చు చేయించాల్సిందే. తిప్పిన పలకను అదే ఆకారం అనాలా వేరే ఆకారం అనాలా అన్న చర్చ గణితంలోనూ వచ్చింది. రెండు నెలల తర్వాత అదే బృందం, తిప్పనక్కర్లేని స్పెక్టర్ అనే ఆకారాన్ని చూపించింది. పింగాణీ పనివాడికీ గణితవేత్తకీ అడ్డం వచ్చిన ముల్లు ఒకటే అన్నది నాకు ఎప్పుడు తలుచుకున్నా సంతోషం కలిగించే విషయం.

క్రోషే సంగతి నా వాదాన్ని బలపరుస్తూనే దానికి ఒక ప్రశ్న కూడా వేస్తుంది. అతిపరావలయ తలాన్ని, అంటే ప్రతిచోటా గుర్రపు జీనులా ఒకే తీరుగా వంగే తలాన్ని, చేతితో తాకేలా చేయాలని అంతకుముందు కాగితం పట్టీలు అతికించి నమూనాలు చేసేవారు, అవి చిరిగిపోయేవి. 1997లో గణితవేత్త దైనా తైమినా అదే తలాన్ని క్రోషేతో అల్లారు. నియమం ఒక్కటే: ఇన్ని కుట్లకి ఒక కుట్టు అదనం, మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా అదే లెక్క. ప్రతి ఐదు కుట్లకీ ఒకటి పెంచితే వరుస 1.2 రెట్లవుతుంది. 20 కుట్లతో మొదలుపెడితే పదో వరుసకి సుమారు 124, ఇరవయ్యో వరుసకి 767. దారం అంచనా వేయనివాళ్ళకి ఇక్కడే సగంలో దారం అయిపోతుంది. చివరి నాలుగు వరుసలే మొత్తం దారంలో సగం తినేస్తాయి. మెత్తటి ఊలు సాగి, ముడతలు కూలబడిపోతాయి. కాస్త గట్టిదనం ఉన్న సింథటిక్ దారమే ఆకారాన్ని నిలబెడుతుంది. ఐదుకి ఒకటి బదులు పన్నెండుకి ఒకటి పెంచితే ముడతలు విశాలమై తలం నెమ్మదిగా ఒంపు తిరుగుతుంది. అంకె ఎంతైనా వంపు అన్నిచోట్లా ఒకటే ఉంటుంది, లెక్క తప్పనంతవరకే.

2005లో వర్థైమ్ అక్కచెల్లెళ్ళు మొదలుపెట్టిన క్రోషే పగడపు దిబ్బలో ఆ లెక్కని కావాలనే తప్పారు. ఒకచోట మూడుకి ఒకటి, ఇంకోచోట ఏడుకి ఒకటి, మరోచోట అల్లేవాళ్ళ ఇష్టం. అప్పుడు వచ్చినవే పగడాల్లా, సముద్రపు నాచులా జీవం ఉట్టిపడ్డాయి. కచ్చితంగా అల్లినది తరగతి గదికి పనికొచ్చింది, తప్పి అల్లినది చూపరిని నిలబెట్టేసింది. మరి నియమం తప్పినదే మెరుగైన కళ అయితే నా పరీక్ష విలువేమిటి? నాకు తోచిన సమాధానం: తప్పడానికి అక్కడ ఒక నియమం ఉంది. పెంచే లెక్కని చోటుచోటుకీ మార్చినప్పుడల్లా వంపు కూడా చోటుచోటుకీ మారింది. అంకె మార్చి చూడడమనే పనిని వాళ్ళు ఒకే వస్తువులో వందసార్లు చేశారు. పరీక్ష ఇక్కడ ఓడిపోయిందని నేననుకోను, అదే అల్లికగా మారింది.

లెక్క తెలియని చేయి

ఇంతకన్నా గట్టి ప్రశ్న డచ్ చిత్రకారుడు ఎషర్ నుంచి వస్తుంది. గణితవేత్త కాక్సెటర్ పంపిన ఒక పరిశోధన వ్యాసంలోని పటం చూసి ఎషర్, అతిపరావలయ తలాన్ని ఒక వృత్తంలోకి కుదించి చూపే వృత్త పరిమితి (Circle Limit) చిత్రాలు మొదలుపెట్టారు. వ్యాసంలోని పాఠం ఆయనకి అర్థం కాలేదు, పటం మాత్రం అర్థమైంది. 1959లో ఐదు చెక్క అచ్చులతో ముద్రించిన మూడో చిత్రంలో చేపలు తెల్లటి చాపాల వెంట బారులు తీరి, అంచుకి పోయేకొద్దీ చిన్నవవుతాయి. ఆ చాపాలు అతిపరావలయ జ్యామితిలో సరళరేఖలైతే అంచుని 90 డిగ్రీల దగ్గర తాకాలి. కాక్సెటర్ కొలిచి చూస్తే దాదాపు 80 డిగ్రీలు వచ్చింది.

తొందరపడితే దీన్ని ఎషర్ పొరపాటు అనేయొచ్చు. చిత్రాన్ని దగ్గరగా చూడండి. ప్రతి కూడలిలో మూడు చాపాలు కలుస్తాయి, చుట్టూ మూడు త్రిభుజాలు, మూడు చతుర్భుజాలు ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. ప్రతి త్రిభుజపు మూలకీ ఎదురుగా చతుర్భుజపు మూల పడుతుంది. ఎదురు కోణాలు సమానం కాబట్టి ఆరూ 60 డిగ్రీలే. అంటే ఒక్కో త్రిభుజంలో కోణాల మొత్తం 180. ఆ జ్యామితిలో సరళరేఖలతో చేసిన ఏ త్రిభుజానికైనా మొత్తం 180 కన్నా తక్కువే రావాలి. కాబట్టి ఆ చాపాలు సరళరేఖలు కావడానికి వీల్లేదు. ఒక సరళరేఖకి రెండు వైపులా సమాన దూరంలో నడిచే వక్రాలవి. 80 డిగ్రీలే సరైనది. 1979లో కాక్సెటర్ ఈ లెక్క ప్రచురించారు, ఎషర్ గీత మిల్లీమీటరు దాకా సరిపోయిందని చూపించారు. అప్పటికి ఎషర్ పోయి ఏడేళ్ళు.

లెక్క తెలియని చేతికి ఆ 80 ఎలా దొరికింది? చేపలు ఖాళీ లేకుండా కుదరాలన్న ఒక్క పట్టుదలే ఆయన్ని అక్కడికి చేర్చి ఉంటుంది. వేరే కోణంతో చేపలు కుదరవు. కళాకారుడికి సమీకరణం తెలిసి ఉండాలని నేను పట్టుబట్టకపోవడానికి కారణం ఈ చిత్రమే. నియమం బొమ్మలో ఉంటే చాలు, అది గీసినవారి నోటికి రానక్కర్లేదు.

రంగుల దగ్గర తడబాటు

నా పరీక్ష నిజంగా తడబడేది ఖగోళ చిత్రాల దగ్గర. 1995లో హబుల్ టెలిస్కోపు తీసిన ఈగిల్ నెబ్యులా (అంతరిక్షంలోని ఒక వాయు, ధూళి మేఘం) ధూళి స్తంభాల ఫొటో అందరికీ తెలిసిందే. అందులో గంధకం కాంతికి ఎరుపు, ఉదజని కాంతికి ఆకుపచ్చ, ఆక్సిజన్ కాంతికి నీలం ఇచ్చారు. ఉదజని విడుదల చేసే ఆ కాంతి తరంగదైర్ఘ్యం 656 నానోమీటర్లు, కంటికి అదీ ఎరుపే. గంధకానిది 672, అదీ ఎరుపే. ఉన్నది ఉన్నట్టు చూపిస్తే రెండూ కలిసిపోయి ఏ వాయువు ఎక్కడుందో తెలియదు. విడదీసి చూపడానికే ఈ రంగుల మార్పు.

రంగుల కేటాయింపు మారిస్తే బొమ్మ పూర్తిగా మారిపోతుంది. కానీ నెబ్యులా గురించి మనకి తెలిసినదేమీ మారదు. పరీక్ష ప్రకారం బొమ్మ చెదిరింది, విజ్ఞానం చెక్కుచెదరలేదు. మాండెల్‌బ్రాట్ సమితి (ఒక చిన్న సూత్రాన్ని మళ్ళీ మళ్ళీ లెక్కగట్టగా తేలే ఆకారం) చిత్రాలదీ ఇదే వరస: నల్లటి ఆకారం గణితానిది, చుట్టూ ఉన్న రంగుల మంటలు ఎవరో ఎంచుకున్న పట్టికవి. ఇలాంటివాటిలో ఎక్కడిదాకా నియమం, ఎక్కడి నుంచి ఎంపిక అన్నది విడదీసి చెప్పాలి. హబుల్ బృందం ఏ ఫిల్టర్‌కి ఏ రంగో చెప్పింది కాబట్టి ఆ చిత్రం మీద నాకు గౌరవం. అది చెప్పకుండా విశ్వం ఇలాగే ఉంటుందని అమ్మే పోస్టర్ల మీద లేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. పరీక్ష నెగ్గినంత మాత్రాన బొమ్మ బాగుంటుందన్న హామీ లేదు. నాలుగు వరుసల కోడ్‌తో పరీక్ష నెగ్గే చిత్రాలు వేలల్లో తీయొచ్చు, వాటిలో ఎక్కువభాగం రెండోసారి చూడబుద్ధి కాదు. 1968 నుంచి కంప్యూటర్‌తో గీసిన చిత్రకారిణి వెరా మోల్నార్ చిత్రాల్లో, ఒకదానిలో ఒకటి ఒదిగిన చతురస్రాల మూలల్ని యాదృచ్ఛికంగా కొద్దిగా పక్కకి జరిపినవి ఉన్నాయి. జరిపే దూరం సున్నా అయితే అది గీతల కాగితం. చతురస్రం భుజమంత అయితే కొక్కిరిబిక్కిరి గీతలు. ఆ రెండిటి మధ్య కన్ను ఆగే చోటు చాలా ఇరుకు, ఆ చోటును ఏ సూత్రమూ ఇవ్వదు. గీసి, చూసి, అంకె మార్చి, మళ్ళీ గీసి పట్టుకోవాల్సిందే.

ఆ పట్టుకున్న అంకెను బొమ్మ పక్కన రాయమని నా కోరిక. ప్రదర్శనల్లో చీటీల మీద ప్రకృతి, అనంతం, సామరస్యం లాంటి మాటలే కనిపిస్తాయి. వాటి బదులు "కోణం 137.508, చుక్కలు 400, రంగులు నా ఎంపిక" అనో, "ఐదుకి ఒక కుట్టు, పన్నెండో వరుస తర్వాత లెక్క వదిలేశాను" అనో రాసి ఉంటే, చూసినవాళ్ళు ఇంటికి వెళ్ళి ఆ అంకెను మార్చి ఏమవుతుందో తామే గీసి చూడొచ్చు.